అత్త అరెకరం

నేను ఎనిమిదో తరగతి మూడేళ్ళు చదివాను. అంత క్షుణ్ణంగా చదివినవాడు మా బళ్ళో ఇంకొకడు లేడు. మూడో ఏడు చివర్న హెడ్మాస్టారు మా నాన్నని పిలిపించి, మీవాణ్ణి ఇంకొక్క ఏడు ఉంచితే జీతం ఇవ్వాల్సొస్తుందండీ అన్నారట. ఆ సాయంత్రమే మా నాన్న నా పుస్తకాల సంచి తీసుకెళ్ళి దూలానికి తగిలించేశాడు. నా చదువు అంత ఎత్తుకి వెళ్ళడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇప్పుడు నందిగామలో ఒక అపార్టుమెంటులో ఉంటున్నా. మా వెనకున్న ఖాళీ స్థలాన్ని అసోసియేషన్ వాళ్ళు ఈమధ్య తాళ్ళు కట్టి మడులుగా విడగొట్టారు. చీట్లు తీసి, కూరగాయలు వేసుకోండంటూ ఇంటికో మడి ఇచ్చారు. మూడో అంతస్తులో ఉండే బ్యాంకు అమ్మాయికి మూలమడి వచ్చింది. బుద్ధెరిగాక ఆ అమ్మాయి మట్టి ముట్టుకోవడం ఇదే మొదలట. చేతులకి తొడుగులు, తలకి టోపీ, గోడకి ఆనించిన ఫోను. ఫోనులో ఎవరో చెబుతుంటే వింటూ పని చేస్తోంది. అక్కడున్నది నల్లరేగడి. గొట్టం పెట్టి బాగా తడిపి, ఆ బురదలోనే తవ్వేసింది. నాలుగు రోజుల ఎండకి మడి నిండా ఇటికల్లాంటి బెడ్డలు తేలాయి.

నన్ను చూసి, ఇది మట్టేనా అంకుల్, కాంక్రీటా అని అడిగింది. దాని జోలికి పోకుండా కొన్నాళ్ళు వదిలెయ్యమ్మా, నాలుగు చినుకులు పడనివ్వు అన్నా. ఫోను వైపొకసారి, నా వైపొకసారి చూసింది. ఇద్దరిలో ఎక్కువ చదువుకున్నదెవరో తేల్చుకుంటోందని అర్థమైంది. ఆ ఫలితం వినడం ఇష్టంలేక వంగి ఒక బెడ్డ చేతిలోకి తీసుకున్నా. ఎండిన రేగడి వాసన ముక్కుకి తగిలింది. దాంతో నేను అక్కడ లేకుండా పోయా.

మా ఊరు జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య, పెద్దరోడ్డుకి లోపలగా ఉంటుంది. బడి మానేసిన కొత్తల్లో నా పని అన్నం వేళకి ఇంటికి రావడం, మిగతా వేళల్లో ఎవరికీ దొరక్కుండా ఉండటం. మా నాన్న నా గురించి ఒక నిర్ణయానికి వచ్చాడు. తెలిసినవాళ్ళ లారీ ఒకటుంది, గరికపాడు దగ్గర ఎక్కిస్తే క్లీనరుగా హైదరాబాదు దాకా పోయి వస్తాడు, ప్రపంచం చూస్తాడు అన్నాడు. నాకూ బాగానే ఉంది ఆ మాట. దాబాలో రొట్టెలు తింటాననుకున్నా.

అడ్డుపడింది మా మేనత్త. పెళ్ళయిన నాలుగేళ్ళకే మామయ్య పోతే పుట్టింటికి వచ్చేసింది. తెల్లారి లేస్తే పేడనీళ్ళ దగ్గర్నుంచి పడుకునేముందు పాలు తోడెయ్యడం దాకా ఇంటి పనంతా ఆమె చేతిమీదే నడిచేది. పెళ్ళినాడు మా తాత పసుపుకుంకుమల కింద ఆమెకి రాసిచ్చిన అరెకరం మా చేనుకి కొసన ఉంది. ఎవరూ పట్టించుకోక బీడుపడిపోయింది. దాని గట్టవతల చేనున్న ఆయన వరసకి నాకు పెదనాన్న అవుతాడు. ఆ అరెకరం కలిస్తే ఆయన చేను నలుచదరం అవుతుంది. అందుకని కౌలుకి ఇమ్మని ఏడాదిగా మా నాన్న చుట్టూ తిరుగుతున్నాడు. మా నాన్న కూడా ఇచ్చేద్దామనే అన్నాడు. ఆ మాట అన్నం తింటూ అన్నాడు. అత్త వడ్డిస్తున్న గరిటె ఆపేసింది.

"ఇన్నేళ్ళుగా నీ గింజలే తింటున్నా అన్నయ్యా. ఈ ఇంట్లో ఉడికే కుండలో నా చేను గింజలు ఒక్కసారన్నా పడాలి. ఆ తర్వాత ఎవరికిస్తావో ఇచ్చుకో."

ఎవరు చేస్తారమ్మా ఆ బీడు, నాకున్నదే నాకు తెమలట్లేదు అన్నాడు నాన్న. అత్త నా వైపు చూసింది. నేను అప్పుడు నాలుగో విడత పెరుగు పోసుకుంటున్నా.

"నేలా బీడే, వీడూ బీడే. రెండిటినీ ఒకేసారి దున్నిస్తా."

మా నాన్న నవ్వాడు గానీ, గడువు పెట్టాడు. ఏరువాక పున్నమి నాటికి ఆ అరెకరం విత్తనానికి సిద్ధంగా ఉండాలి. లేకపోతే అది పెదనాన్నకి, నేను లారీకి. అత్త సరేనంది. నన్నెవరూ అడగలేదు. నా జీవితంలో నాకు దొరికిన మొదటి భూమి అలా దొరికింది, పెరుగన్నం మధ్యలో.

ఎండలు ముదిరేసరికి పలుగూ పారా పట్టుకుని అందులో దిగాను. తుమ్మకంప నరికాను. పల్లేరుకాయలు నా పాదాల్లో గుచ్చుకున్నన్ని ఏ ముళ్ళకంచెకీ ఉండవు. గరిక వేర్లు తవ్వుతూ పోతే పక్క మండలం దాకా వెళ్ళేలా ఉన్నాయి. పది గంటలయ్యేసరికి అత్త సత్తు తపేలాలో జొన్నన్నం, మజ్జిగ, పండుమిరపకాయ పచ్చడి తెచ్చేది. గట్టు మీద కూచుని ఉల్లిపాయ గుద్ది పెట్టేది. ఆ ఎండలో, ఆ చెమటలో ఆ పచ్చడి నాలుక మీద పడితే కళ్ళలోంచి నీళ్ళు, ముక్కులోంచి నీళ్ళు, అయినా చెయ్యి ఆగేది కాదు. మా ఇంట్లో అదే పచ్చడి, అదే అన్నం రోజూ తినేవాణ్ణి. అక్కడ దాని రుచి వేరు. అత్త మాత్రం రుచి పచ్చడిలో లేదురా, నీ నడుంనొప్పిలో ఉంది అనేది.

ఆ చేల్లో సున్నపురాళ్ళు పిడికిలంతేసి ఉండేవి. ఏరి గట్టు మీద పోగు పెట్టమంది అత్త. గట్టు దాకా మొయ్యడం ఎందుకని, ఉన్నచోటినుంచే పెదనాన్న చేలోకి విసిరేవాణ్ణి. చేతికి మంచి సాధన కూడా. మర్నాడు పొద్దున్న వస్తే మళ్ళీ అన్నే రాళ్ళు. ఈ నేల రాళ్ళని కంటోందని నిజంగానే అనుకున్నా. వారం గడిచాక అత్త ఒక రాయి చేతికి తీసుకుని, ఈ సొట్టపడిన రాయిని నాలుగుసార్లు చూశాన్రా, నీకూ మీ పెదనాన్నకీ దీన్ని మొయ్యడం విసుగు పుట్టట్లేదా అంది. తేలిందేమిటంటే, ఆయన సాయంత్రంపూట, నేను పొద్దున్నపూట. గట్టుకి అటో ఇటో ఆ రాళ్ళు మా ఇద్దరికన్నా ఎక్కువ తిరిగాయి. చివరికి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూడకుండా గట్టు మీదే పోగు పెట్టాం.

ఇన్ని వేషాలు వేసినవాణ్ణి ఆ నేల ఒకరోజు నోరు మూయించింది. మిట్టమధ్యాహ్నం. ఎండకి రేగడి నెర్రెలిచ్చి పెద్ద పెద్ద చీలికలయ్యాయి. చేతిలో కర్ర జారి ఒక నెర్రెలో పడిపోయింది. బోర్లా పడుకుని చెయ్యి పెట్టా. మోచెయ్యి దిగింది, భుజం దిగింది, అడుగు తగల్లేదు. పైన వీపు మాడిపోతోంది. లోపల వేళ్ళకి మాత్రం కొత్తకుండలో చెయ్యి పెట్టినట్టు చల్లగా తగిలింది. లోపల ఎవరో ఊపిరి తీస్తున్నారనిపించి గబుక్కున చెయ్యి లాగేసుకున్నా.

అత్త నవ్వలేదు. పక్కన కూచుని చెప్పింది. ఎండకి నేల ఇలా విచ్చుకుంటుందట. గాలికి పైమట్టి రాలి నెర్రెల్లోకి పోతుందట. వానపడితే లోపలి మట్టి ఉబ్బి పైకి తోసుకొస్తుందట. పైది కిందికీ కిందిది పైకీ. మా తాతల తాతలు పుట్టకముందు నుంచీ ఇది తనని తాను దున్నుకుంటూనే ఉందంది.

"అయితే మనమెందుకత్తా?"

"తోడుకి."

ఆ తర్వాత చాలాసేపు ఆ నెర్రె దగ్గరే కూచున్నా. నా కాళ్ళ కింద అంత పెద్ద పని, ఒక్క మనిషి కూడా లేకుండా, చప్పుడు లేకుండా జరుగుతోందని తెలిశాక లేచి నడవాలంటే అడుగు గట్టిగా వెయ్యబుద్ధి కాలేదు.

చందర్లపాడు వైపునుంచి వచ్చే గొర్రెల మందని మూణ్ణాలుగు రోజులు ఆ చేలో పడుకోబెట్టించింది అత్త. మందకాపర్లకి రోజూ జొన్నరొట్టెలూ కందిపచ్చడీ పంపేది. గొర్రెలు వెళ్ళిపోయాక ఆ వాసన నా బట్టలకీ జుట్టుకీ పట్టి, ఇంట్లో నాకు అరుగు మీదే అన్నం పెట్టేవారు. ఆ వాసనతోనే నేలకి కడుపు నిండుతుందని అత్త మురిసిపోయేది. ఇక మిగిలింది వాన, ఆ తర్వాత దుక్కి. దుక్కికి ముందు అత్త నాకు ఒకే ఒక్క పాఠం చెప్పింది. వాన పడగానే అరక కట్టకూడదు, తడి కాస్త ఆరి నేల పదునుకి రావాలి.

"పిడికెడు మట్టి ఉండ చేసి నడుం ఎత్తునుంచి వదులు. చెదిరితే పదును. అప్పచ్చిలా అంటుకుపోయిందా, ఇంటికెళ్ళి పడుకో."

ఎనిమిదో తరగతి మూడేళ్ళలో నాకు అర్థమైన పాఠం ఒక్కటీ లేదు. ఇది మాత్రం ఒక్కసారికే అర్థమైంది. అర్థమైనా తప్పు చెయ్యొచ్చన్నది ఆ తర్వాత తెలిసింది.

పున్నమికి ఇంకా మూడు వారాలుందనగా తొలివాన పడింది. పడమట మబ్బు నల్లగా లేచి, ముందు దుమ్ము, దాని వెనక వాసన, దాని వెనక చినుకు. ఆ వాసనకి ఊరంతా బయటికొచ్చి నిలబడింది. నెర్రెలు నీళ్ళు తాగుతుంటే బుడగల చప్పుడు గట్టు దాకా వినపడింది. ఎంత పడినా ఇంకా తాగుతూనే ఉంది. మర్నాడు పొద్దున్నే అత్త బస్సెక్కి పేట వెళ్ళింది. జగ్గయ్యపేటని మేం పేట అనే అంటాం. అక్కడ ఆమె ఆడపడుచు ఇంట్లో, మామయ్య బతికుండగా వేసిన రకం కందివిత్తనం ఏటా పండించి ఇంకా కాపాడుతున్నారు. అది తెచ్చి వెయ్యాలని ఆమె పట్టుదల. వెళ్తూ, నేనొచ్చి ఉండ వేసి చూసేదాకా అరక దింపొద్దని రెండుసార్లు చెప్పింది.

ఆమె వెళ్ళాక నేను చేనికి పోతే గట్టవతల పెదనాన్న అరక జోరుగా సాగుతోంది. ఆయనది ఎర్ర చల్క, మాది నల్లరేగడి. మావైపు ఊళ్ళలో ఒక్క గట్టు దాటితే చాలు, నేల రంగూ స్వభావమూ రెండూ మారిపోతాయి. చల్క వాననీళ్ళని జల్లెడలా కిందికి వదిలేసి తెల్లారేసరికి పదునుకొస్తుంది. రేగడి నాలుగైదు రోజులు నీళ్ళని కడుపులోనే పెట్టుకుంటుంది. ఇదంతా ఇప్పుడు చెబుతున్నా. అప్పుడు నాకు కనిపించిందల్లా ఆయన దున్నుతున్నాడు, నేను దున్నట్లేదు, అంతే. ఆయన చాలు చివర ఎద్దుల్ని ఆపి నన్ను చూశాడు.

"ఏరా, మీ అత్త వచ్చి చెయ్యి పట్టుకుని దిద్దిస్తే గానీ దున్నవా?"

రోషం పొడుచుకొచ్చింది. పిడికెడు మట్టి తీసి ఉండ వేశా. అప్పచ్చిలా పడింది. పరీక్ష తప్పడం నాకు కొత్తా? గట్టు మీద పైపైన ఆరిన మట్టి తీసి ఇంకో ఉండ వేశా. చెదిరింది. పాసయ్యానని అరక కట్టా.

ఎద్దులు నాలుగడుగులకోసారి ఆగిపోయాయి. కర్రుకి మట్టి బంకలా పట్టేసింది. కానీ చాలు పక్కన తిరగబడిన మట్టి ఎంత అందంగా ఉందని! కత్తితో హల్వా కోసినట్టు నున్నగా, నల్లగా, నిగనిగలాడుతూ. సాయంత్రానికి అరెకరం పూర్తయింది. నా అంత రైతు కృష్ణా జిల్లాలో లేడనుకుంటూ ఇంటికెళ్ళి పడుకున్నా.

మర్నాడు సాయంత్రం బస్సు దిగి, కందుల మూట చంకన పెట్టుకుని అత్త నేరుగా చేనికే వచ్చింది. నేను గట్టు మీద మెప్పు కోసం నిలబడి ఉన్నా. ఆమె వంగి ఒక ముక్క తీసింది. వేళ్ళతో నొక్కింది. మెల్లగా దాన్ని మళ్ళీ ఉన్నచోటే పెట్టింది. ఇంటికొచ్చి మూట అటక మీద పెట్టి, వంటచేసి, నాకు అన్నం పెట్టింది. తిట్టే మనిషి తిట్టకపోతే ఎంత భయంగా ఉంటుందో ఆ పూట తెలిసింది.

మూడు రోజుల రోహిణి ఎండకి నా హల్వా రాయయింది. అరెకరం నిండా తలకాయంతేసి బెడ్డలు. నడిస్తే మడమలు మెలిపడేవి. ఊళ్ళోవాళ్ళు దారి మళ్ళి మరీ చూడ్డానికొచ్చేవారు. కోట కడుతున్నావా, ఇల్లు కడుతున్నావా అని ఒకాయన అడిగాడు. మా నాన్న వచ్చి చూసి, లారీవాళ్ళకి కబురు చేస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. పెదనాన్న మాత్రం గట్టు మీద నిలబడి అరెకరాన్ని కొలిచినట్టు చూసుకుని పోయాడు. ఆ చూపు నాకు మాటలకన్నా గట్టిగా తగిలింది.

చెక్కసుత్తి తీసుకుని బెడ్డలు కొట్టడం మొదలెట్టా. పొద్దున్నించి పొద్దుగూకేదాకా. ఒక్కో బెడ్డకి పది దెబ్బలు. చేతులు బొబ్బలెక్కి, బొబ్బలు చితికి, సుత్తి పిడికి నెత్తురంటింది. ఆరు రోజులు కొట్టినా చేలో ఒక మూల కూడా పూర్తికాలేదు. ఏడో రోజు ఏడుస్తూ కొడుతుంటే అత్త వచ్చి సుత్తి లాక్కుంది. లారీ ఎక్కుతాలే అత్తా, నీ చేను నాశనం చేశా అన్నా.

"నువ్వు చెయ్యగలిగిందంతా చేసేశావు. ఇంక దాన్ని చేసుకోనీ."

నాకు కోపమొచ్చింది. మనిషి ప్రాణం పోతుంటే కూచోమంటుందేమిటనుకున్నా. అయినా సుత్తి ఆమె దగ్గరే ఉండిపోయింది. రోజూ గట్టు మీద కూచుని బెడ్డల్ని చూడటమే నా పని. ఆమె కూడా వంట ముగించుకుని వచ్చి పక్కన కూచునేది. అటక మీది మూట గురించి ఇద్దరం మాట్లాడేవాళ్ళం కాదు.

మృగశిర వచ్చింది. ఒక సాయంత్రం సన్నని జల్లు. దుమ్ము అణిగేంత, అంతకన్నా లేదు. మర్నాడు ఎండ కాసింది. గట్టు మీద పడుకుని ఉంటే చెవికేదో వినిపించింది. పెనంలో ఆవాలు చిటపటలాడతాయే, దానికన్నా మెల్లగా, చేనంతటా. లేచి చూశా. ఎక్కడా మనిషి లేడు, పిట్ట లేదు. వంగి చూస్తే బెడ్డ మీద వెంట్రుకంత సన్నని గీత. నేను చూస్తుండగానే గీత పక్కన ఇంకో గీత పడింది. పది దెబ్బలకి చలించని బెడ్డ చివర్నుంచి చిన్న పలుకు రాలి కింద పడింది. అక్కడే చతికిలబడి చూస్తూ ఉండిపోయా. నాకు నోట్లో ఎప్పుడూ ఏదో ఒక వెటకారం సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు ఒక్కటీ రాలేదు.

రెండు రోజులాగి ఇంకో జల్లు. మళ్ళీ ఎండ. ఇంకొకటి. పున్నమి ఇంకా రెండు రోజులుందనగా పొద్దున్నే చేలోకి అడుగు పెడితే పాదం చీలమండ దాకా దిగిపోయింది. బెడ్డలన్నీ ఎటుపోయాయో. గొర్రెల ఎరువు కలిసి, నల్లటి రవ్వలా, చేతిలోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. నేను ఆరు రోజులు సుత్తితో కొట్టిన మూలకీ, చెయ్యి పెట్టని చోటుకీ తేడా తెలియలేదు. వెతికా. నిజంగా తెలియలేదు. మోకాళ్ళ మీద కూచుని రెండు చేతులూ అందులో పెట్టా. వెచ్చగా ఉంది. ఇంత పెద్దదానితో ఇన్నాళ్ళూ నేను సుత్తి పట్టుకుని పోట్లాడానా అని సిగ్గేసింది. దణ్ణం పెట్టాలనిపించింది గానీ ఎటు తిరిగి పెట్టాలో తెలియలేదు. అన్ని వైపులా అదే.

అత్త వచ్చి పిడికెడు తీసి ఉండ చేసి వదిలింది. చెదిరింది. కళ్ళు తుడుచుకుని, ఇంటికి పోయి మూట తెమ్మంది. నాన్న వచ్చి చూసి లారీ మాట ఎత్తకుండా ఎద్దుల్ని తోలుకొచ్చాడు. గుంటక తోలి నేల చదును చేసి, విత్తడానికి గొర్రు కట్టాం. నేను గొర్రు పట్టుకుంటే, అత్త వెనక నడుస్తూ గొర్రుకున్న విత్తనం గిన్నెలో ఆ కందులు పిడికెడు పిడికెడుగా పోసింది. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఎవరితో మాట్లాడుతోందో నేను అడగలేదు. పెదనాన్న గట్టు దాటొచ్చి, ఇవతలి మట్టి కాస్త చేతిలోకి తీసుకుని వాసన చూసి, మంచి నేలమ్మా నీది అన్నాడు అత్తతో. ఆ తర్వాత కౌలు మాట ఎత్తలేదు.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఊళ్ళో ఇప్పుడు ఎద్దులు లేవు, మందలు రావు. గంటలో రోటవేటరు వచ్చి పోతుంది. నేను ఆ తర్వాత పాతికేళ్ళు సేద్యం చేశా, ఎన్నో ఎకరాలు దున్నా. నేలని నేను బాగుచేశానని ఒక్కసారి కూడా లోపల నమ్మలేదు. పైకి మాత్రం అనేవాణ్ణి.

మొదటిసారి అన్నది ఆ కందులు ఇంటికొచ్చిన రోజునే. అత్త కొత్త పప్పు వండింది. గరిటెతో మా నాన్న కంచంలో వేసి, ఆయన మొదటి ముద్ద మింగేదాకా నిలబడి చూసింది. బాగుందమ్మా అన్నాడాయన, తలెత్తకుండా. ఆమె మొహం చూడలేక నేను మాట మార్చా. ఎంతైనా నా చెయ్యి పడబట్టే కదత్తా ఆ నేల దారికొచ్చింది అన్నా. అత్త నా కంచంలో పప్పు వేస్తూ అంది:

"అవున్రా నాయనా, గొప్ప చెయ్యే. అది పడ్డాక కోలుకోవడానికి ఆ నేలకి పద్దెనిమిది రోజులు పట్టింది."